పాట పోలేదు, లెక్క పోయింది

పోయిన మాఘమాసం పెళ్లిళ్లప్పుడు మా ఫ్రెండ్ వాళ్ల ఊరెళ్లాను. మోపిదేవి దగ్గర చిన్న ఊరు. రాత్రి పదకొండింటికి ఊరేగింపు మొదలైంది. ట్రాక్టర్ ట్రక్కు మీద నిలువెత్తు బాక్సులు, ముందు కుర్రాళ్ల గుంపు. నాలుగో పాట మొదలవగానే మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇది నా పాటరా!"

నిజంగానే వాడి పాట. వరికోతల మీద దివిసీమ యాసలో వాడే రాసి, వాడే బాణీ కట్టి, వాడే పాడాడు. బీటెక్ రోజుల్లో హాస్టల్లో బకెట్ మీద దరువేస్తూ మా అందరికీ వినిపించేవాడు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతాల్లో మిగిలిన డబ్బుతో విజయవాడలో స్టూడియో మాట్లాడుకుని రికార్డ్ చేశాడు. యూట్యూబ్‌లో పెట్టాడు. ఇప్పుడా పాటకి ఊరు ఊరంతా ఎగురుతోంది. పెళ్లికొడుకైతే కారు దిగి మరీ ఎగిరాడు.

కాకపోతే పాట మధ్యలో ఎవరిదో గొంతు, బాగా ఎకో పెట్టి, ఒక డీజే పేరూ వాళ్ల ఊరి పేరూ నాలుగుసార్లు చెప్పింది. మావాడి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఆ రాత్రి వాడికి సంతోషమే. తెల్లారాక ఇద్దరం కూర్చుని ఫోన్లో వెతికాం. ఆ డీజే మిక్స్ ఒక ఛానల్లో ఆరు లక్షల వ్యూస్ దాటింది. ఎంపీత్రీ సైట్లలో ఉంది. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉంది. మావాడి ఛానల్లో ఉన్న అసలు పాటకి పదకొండు వేల వ్యూస్. సబ్‌స్క్రైబర్లు 640 మంది.

ఈ 640 అన్న అంకె ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మామూలు వీడియోల మీద వచ్చే యాడ్స్ డబ్బులో యూట్యూబ్ మనకి వాటా ఇవ్వాలంటే ఛానల్‌కి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఏడాదిలో జనం 4,000 గంటలు చూసి ఉండాలి. స్పాటిఫై కూడా 2024 నుంచి ఒక రూలు పెట్టింది. పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు కూడా రాని పాటకి రాయల్టీ లెక్క కట్టదు. అంటే చిన్న ఆర్టిస్టుకి డబ్బు తర్వాత సంగతి, ముందు గుమ్మం దాటాలి. ఆరు లక్షలసార్లు మోగిన పాట రాసినవాడు ఇంకా ఆ గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు.

వాడి పాటని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఛానల్లో అలాగే ఉంది. పోయింది లెక్క.

మావయ్య కొట్టు, నా మెమరీ కార్డు

ఇప్పుడు డీజేని తిట్టడం తేలికే. కానీ దానికి ముందు నా సంగతీ, మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి.

నేను పుట్టకముందు మా మావయ్యకి గుడివాడలో రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఈ మాట మీలో చాలామందికి తెలీకపోవచ్చు. కావలసిన పాటల లిస్టు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్తే, రెండ్రోజుల్లో అవన్నీ రికార్డ్ చేసి ఇచ్చేవాళ్లు. మన స్పాటిఫై ప్లేలిస్ట్ లాంటిదే, కాకపోతే చేత్తో చేసేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ పాట తర్వాత ఏది పెడితే రెండో వైపు సగంలో తెగకుండా సరిపోతుందో మావయ్యకి నోటికి వచ్చు.

"అది తప్పని మాకెవరు చెప్పార్రా? పాట అడిగినవాడికి పాట ఇచ్చాం" అంటాడు ఇప్పటికీ.

ఆ రోజుల్లో దేశమంతా అంతే. 1980ల్లో గుల్షన్ కుమార్ పాత హిట్ పాటల్ని వేరే గాయకుల చేత పాడించి, చవక క్యాసెట్లు వేసి బజారు నింపేశాడు. చట్టంలో అలాంటి వెర్షన్ రికార్డింగులకి ఉన్న వెసులుబాటే దానికి దారి. తర్వాత అదే టీ-సిరీస్ దేశంలోనే అతిపెద్ద మ్యూజిక్ కంపెనీల్లో ఒకటైంది. ఇప్పుడు వాళ్ల పాటని ఎవరన్నా ముట్టుకుంటే క్లెయిమ్ వస్తుంది.

మావయ్య కొట్టుని మూయించింది పోలీసులు కాదు. ఎంపీత్రీ సీడీ. ఒక్క డిస్కులో నూటయాభై పాటలు, బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద. రెండ్రోజులు ఆగి పది పాటల క్యాసెట్ ఎవరు తీసుకుంటారు? ఒక పైరసీని ఇంకో పైరసీ మింగేసింది.

నా వంతు 2013లో వచ్చింది. అప్పుడు ఇంటర్, విజయవాడలో హాస్టల్. ఆదివారం ఔటింగ్ ఇస్తే తిన్నగా సెల్ షాపుకే. అద్దం మీద "ఇచ్చట మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని స్టిక్కర్. 2 జీబీ కార్డూ, యాభై రూపాయలూ ఇస్తే నిండా పాటలు. అప్పటి డేటా రేట్లకి ఫోన్లో పాట వినడం మాలాంటి వాళ్లకి కలలో మాట. కాబట్టి ఆ షాపే మాకు స్వర్గం.

ఆ కార్డులో పాటలన్నిటికీ ఒక పోలిక ఉండేది. ప్లేయర్లో 'ఆర్టిస్ట్' అని ఉన్నచోట పాడినవాళ్ల పేరు ఉండదు, డౌన్‌లోడ్ సైట్ పేరు ఉంటుంది. ఆల్బమ్ బొమ్మ ఉండాల్సిన చోట సైట్ లోగో. రాసినవాళ్ల పేరైతే ఎక్కడా లేదు. క్యాసెట్ కాలంలో కనీసం లోపలి కాగితం మీద ఏ పాట ఎవరు రాశారో అచ్చేసేవాళ్లు. మా అమ్మ విజయవాడ రేడియో వింటూ పెరిగింది. పాట వేసేముందు సినిమా పేరు, రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు అని వరసగా చెప్పేవాళ్లు. అందుకే ఆవిడకి ఇప్పటికీ ఏ పాటైనా రెండు లైన్లు వినగానే కవి పేరు చెప్పడం వచ్చు. నాకు రాదు. నా చెవుల్లో వందల పాటలున్నాయి, వాటికి తలిదండ్రుల పేర్లు లేవు.

పెడన నుంచి కదిలిన కేసు

ఆ 2013లోనే మన జిల్లా పేరు దేశమంతా మోగింది. 'అత్తారింటికి దారేది' గుర్తుంది కదా. పాటలు జూలైలో వచ్చాయి, మా హాస్టల్లో అందరి కార్డుల్లోనూ ఉన్నాయి. సినిమా ఇంకా రిలీజ్ కాలేదు. సెప్టెంబరు 22న దాదాపు గంటన్నర సినిమా బయటికొచ్చేసింది. కలంకారీకి పేరున్న మన పెడనలో సీడీలు బయటపడ్డాయి. కృష్ణా జిల్లా పోలీసులే తీగ లాగి కేసు ఛేదించారు. తీరా చూస్తే లీకైంది బయటి దొంగ వల్ల కాదు, సినిమా పనిలో ఉన్నవాళ్ల వైపు నుంచే. అక్టోబరులో రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబరు 27నే రిలీజ్ చేశారు.

సినిమా పెద్ద హిట్. దాంతో మా హాస్టల్లో ఒక సిద్ధాంతం పుట్టింది: "చూశావా, సగం సినిమా లీకైనా ఏం కాలేదు. పైరసీ వల్ల ఎవడికీ నష్టం లేదు."

ఈ మాట నేనూ చాలా ఏళ్లు నమ్మాను. అందులో లొసుగు ఇప్పుడు తెలుస్తోంది. లీకైంది పెద్ద హీరో సినిమా కాబట్టి రాష్ట్రమంతా గోల అయింది, పోలీసులు పరిగెత్తారు, అభిమానులు రోడ్డెక్కారు. పేరు లేనివాడి పాట లీకైతే గోల కూడా ఉండదు. వాడికి లీకైన సంగతే ఏ పెళ్లి ఊరేగింపులోనో తెలుస్తుంది.

కంపెనీలు ఎలా బతికాయి

సీడీలు పడిపోయాక మ్యూజిక్ కంపెనీలు నిజంగానే దెబ్బతిన్నాయి. కొన్నాళ్లు వాటిని కాలర్ ట్యూన్లు ఆదుకున్నాయి. నెలకి ముప్ఫై రూపాయలు కట్టి, మనకి ఫోన్ చేసినవాళ్లకి పాట వినిపించేవాళ్లం, గుర్తుందా? పాట కొనడానికి ఒప్పుకోని మనం, పాటలో ముప్ఫై సెకన్లు పక్కవాడికి వినిపించడానికి డబ్బు కట్టాం!

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా దాదాపు ఊరికే అయిపోయింది. డౌన్‌లోడ్ చేసి దాచుకోవాల్సిన అవసరమే తగ్గింది. కంపెనీలు యూట్యూబ్ మీద, యాప్‌ల మీద పడ్డాయి. మనకి కనిపించిన మార్పు ఒకటుంది. ఒకప్పుడు ఆడియో ఫంక్షన్ పెట్టి ఆరు పాటలూ ఒకేసారి వదిలేవాళ్లు. ఇప్పుడు 'లిరికల్ వీడియో' పేరుతో ఒక్కొక్కటీ నెలల తరబడి వదులుతున్నారు. ఆడియో ఫంక్షన్ పోయి ప్రీ రిలీజ్ ఈవెంట్ వచ్చింది. అమ్మడానికి సీడీయే లేనప్పుడు ఆడియో ఫంక్షన్‌లో ఆవిష్కరించడానికి ఏముంది?

పెద్ద కంపెనీలు పైరసీని కూడా డబ్బుగా మార్చుకోవడం నేర్చుకున్నాయి. మీ అక్క పెళ్లి వీడియోకి సినిమా పాట తగిలించి యూట్యూబ్‌లో పెడితే 'కాపీరైట్ క్లెయిమ్' అని మెయిల్ వస్తుంది కదా. దాని వెనక ఉన్నది కంటెంట్ ఐడీ అనే సిస్టమ్. కంపెనీ తన పాటని ముందే అక్కడ దాఖలు చేస్తుంది. ఎవరు ఏ వీడియోలో ఆ పాట వాడినా సాఫ్ట్‌వేర్ పోల్చి పట్టేస్తుంది. వీడియోని ఆపెయ్యడమా, దాని మీద వచ్చే యాడ్స్ డబ్బు తీసుకోవడమా అన్నది కంపెనీ ఇష్టం.

అయితే ఈ సిస్టమ్‌ని యూట్యూబ్ అందరికీ నేరుగా ఇవ్వదు. పెద్ద మొత్తంలో హక్కులున్నవాళ్లకే ఇస్తుంది. మా ఫ్రెండ్ లాంటివాడు ఏదైనా డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లాలి. ఆ సంగతే వాడికి తెలీదు. కాబట్టి మన కాలంలో పైరసీ ఎక్కువగా ఎవరిని కొడుతోందంటే, కంపెనీని కాదు, కంపెనీ లేనివాణ్ణి.

వేటూరి చూడని చట్టం

"అన్నా, కంపెనీలు కోట్లు సంపాదిస్తున్నాయి. నేనొక్కణ్ణి ఊరికే వింటే ఆర్టిస్టుకి పోయేదేముంది?" ఆఫీసులో నా జూనియర్ అడిగాడు. ఈ ప్రశ్నలో సగం నిజముంది. అందుకే సరిగ్గా జవాబు చెప్పాలి.

మన దేశంలో చాలాకాలం సినిమా పాట మీద హక్కులన్నీ నిర్మాతవే అన్నట్టు నడిచింది. 1977లో సుప్రీంకోర్టు కూడా నిర్మాతల వైపే తీర్పు చెప్పింది. రచయితకి పాటకింత అని ఇచ్చేస్తే సరి. తర్వాత ఆ పాట యాభై ఏళ్లు మోగినా మళ్లీ అడిగేందుకు వీల్లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చారు. ఆ ఏడాది జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం థియేటర్లో సినిమాతోపాటు వేసినప్పుడు తప్ప, మిగతా ఎక్కడ పాట వాడినా వచ్చే రాయల్టీలో రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ హక్కులు కొన్నవాళ్లతో సమానంగా వాటా ఉంటుంది. ఆ వాటాని సంతకం పెట్టి కంపెనీకి వదిలేసుకోవడానికి కూడా కుదరదు. ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఈ డబ్బు వసూలు చేసి పంచుతుంది. రికార్డింగ్ మీద వచ్చే పెద్ద ముక్క ఇంకా కంపెనీదే, అది వేరే సంగతి.

మా ఫ్రెండ్ వాళ్ల ఊరి దగ్గరే పెదకళ్లేపల్లి. వేటూరి సుందరరామమూర్తి గారి ఊరు. వేల పాటలు రాశారు. ఆయన 2010 మే 22న వెళ్లిపోయారు. చట్టం రెండేళ్ల తర్వాత వచ్చింది.

ఈ చట్టం గురించి మనకి ఎంత తక్కువ తెలుసో 2017 మార్చిలో బయటపడింది. బాలు గారు 'ఎస్పీబీ 50' కచేరీలతో అమెరికాలో ఉన్నారు. అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా తరఫున లాయర్ నోటీసు వచ్చింది. వాళ్లిద్దరి స్నేహం తెలిసిన మనమంతా గుండెలు బాదుకున్నాం. ఇళయరాజా గారిని సోషల్ మీడియాలో తిట్టినవాళ్లకి లెక్కలేదు. బాలు గారు మాత్రం తనకి ఈ చట్టం సంగతి తెలీదని, చట్టమైతే పాటిస్తానని, వేరే పాటలతో కచేరీ చేస్తానని ఫేస్‌బుక్‌లో చెప్పారు. ఎవరిది న్యాయమన్న వాదన పక్కన పెడదాం. యాభై ఏళ్లు పాడిన మనిషికే ఈ లెక్క తెలీలేదు. మనకేం తెలుస్తుంది?

ఇప్పుడు జూనియర్‌కి జవాబు. 2012కి ముందు కంపెనీకి పోయిన రూపాయిలో రచయితది పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. కానీ అది లెక్కలోకి వచ్చిన ప్లే మీదే వస్తుంది. యాప్‌లు సాధారణంగా నెలలో వచ్చిన యాడ్స్ డబ్బు, చందా డబ్బు ఒక కుండలో వేస్తాయి. తమ వాటా తీసుకుని, మిగిలింది మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతాయి. మీరు టెలిగ్రామ్‌లో దించుకున్న ఎంపీత్రీ వెయ్యిసార్లు విన్నా ఆ కుండకి తెలీదు. పైగా ఇంకో చిక్కుంది. మీరు చిన్నవాడి పాట సైట్‌లో దించుకుని, పెద్ద హిట్ మాత్రం యాప్‌లో వింటే, కుండలో పెద్దవాడి వాటా ఇంకా పెరుగుతుంది. మనకి తెలీకుండానే పేదవాడి పళ్లెంలోంచి తీసి పెద్దవాడికి వడ్డిస్తున్నాం.

మోడ్ యాప్ సంగతి

డబ్బుల్లేకే పైరసీ అనే మాట 2013లో నా విషయంలో నిజం. ఇప్పుడు అంత నిజం కాదు. యాడ్స్ భరిస్తే యూట్యూబ్‌లో ఏ పాటైనా ఊరికే వినొచ్చు. ఆ వినడం లెక్కలోకి వస్తుంది. మనం తప్పించుకుంటున్నది డబ్బు కట్టడాన్ని కాదు, ముప్ఫై సెకన్ల యాడ్‌ని. అందుకోసమే 'మోడ్ ఏపీకే'లు.

నా పని యాప్‌లు కట్టడమే కాబట్టి ఒక్క ముక్క చెప్తాను. ఆండ్రాయిడ్ యాప్‌కి తయారుచేసినవాడి డిజిటల్ సంతకం ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదు. మోడ్ చేసినవాడు తన సొంత సంతకం పెట్టి మళ్లీ ప్యాక్ చేస్తాడు. యాడ్స్ తీసేసినవాడు ఇంకేం కలిపాడో మీకు తెలీదు, చూడ్డానికి దారీ లేదు. అన్నిట్లోనూ వైరస్ ఉంటుందని నేననను. కానీ పాటల యాప్‌కి మీ ఎస్ఎంఎస్‌లతో, యాక్సెసిబిలిటీ పర్మిషన్‌తో పనేంటి? అడిగితే వెంటనే తీసెయ్యండి. ఆ ఫోన్లోనే మీ ఫోన్‌పే ఉంది, బ్యాంకు ఓటీపీలు అక్కడికే వస్తాయి.

కంపెనీల తప్పూ లేకపోలేదు. చాలా పాత పాటలకి యాప్‌లలో రచయిత పేరు ఉండదు, ఉన్నా కొన్నిసార్లు తప్పుంటుంది. కొన్ని ప్రైవేటు పాటలు, హరికథలు, బుర్రకథల క్యాసెట్లు ఎక్కడా దొరకవు. అభిమానులు ఇంట్లో క్యాసెట్ నుంచి ఎక్కించి పెట్టబట్టే బతికున్నవి ఉన్నాయి. వాళ్లనీ, మోడ్ యాప్ వాణ్ణీ ఒకే గాటన కట్టను. దొరకని పాటని బతికించడం వేరు, దొరికే పాట మీద సొంత పేరు చెక్కుకోవడం వేరు.

640 నుంచి

మళ్లీ మా ఫ్రెండ్ దగ్గరికి వద్దాం. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. యూట్యూబ్‌లో కంప్లైంట్ పెడితే ఆ ఛానల్‌కి స్ట్రైక్ పడుతుంది. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. నేను ఫారం నింపి రెడీగా పెట్టాను. "నొక్కెయ్" అన్నాను.

వాడు నొక్కలేదు. ముందు ఆ డీజే నంబర్ సంపాదించి ఫోన్ చేశాడు. అవతల డిగ్రీ చదివే కుర్రాడు.

"అన్నా, అది మీ పాటా? నాకు వాట్సాప్‌లో వచ్చిందన్నా. ఎవరిదో ఎక్కడా రాయలేదు. పాత జానపదం అనుకున్నా."

అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు. పదహారేళ్లప్పుడు నా కార్డులోనూ అన్నీ పేర్లు లేని పాటలే కదా.

ఆ కుర్రాడు వీడియో కింద మావాడి పేరు, ఛానల్ లింకు పెట్టాడు. ఇకముందు వాడే పాటలకి అడిగే వాడతానన్నాడు. పోయిన ఆరు లక్షల వ్యూస్ తిరిగి రావు. మావాడు కూడా పాటని డిస్ట్రిబ్యూటర్ ద్వారా అన్ని యాప్‌లలోనూ పెట్టాడు. రచన, సంగీతం, గానం అన్న మూడు గళ్లలోనూ తన పేరు జాగ్రత్తగా నింపుకున్నాడు.

పోయిన నెల ఆ కుర్రాడు ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. ఏదో ఊళ్లో నిశ్చితార్థం, వెనక జనం గోల. పాట మొదలయ్యే ముందు మైకులో ఆ కుర్రాడి గొంతు: రాసిందీ పాడిందీ ఫలానా అన్న అని, మావాడి పేరూ ఊరూ. అచ్చం మా అమ్మ విన్న రేడియోలో లాగా. తర్వాత తన డీజే పేరు కూడా నాలుగుసార్లు చెప్పుకున్నాడనుకోండి, అది వాడి వృత్తి ధర్మం.

ఈ కాలమ్ పంపేముందు మావాడి ఛానల్ చూశాను. సబ్‌స్క్రైబర్లు 871. గుమ్మానికి ఇంకా 129 మంది దూరం. ఈసారి మీ ఊళ్లో ఏ పెళ్లిలోనో మంచి పాట వినిపిస్తే, షజామ్‌లో వెతకండి, లేకపోతే డీజేనే అడగండి, "ఇదెవరి పాట తమ్ముడూ?" అని. తర్వాత ఆ అసలు పాట ఉన్నచోటికే వెళ్లి ఒక్కసారి వినండి.